నడవని కారులో నాంపల్లి దాకా

ఆబిడ్స్‌లో మా గల్లీకి ఒక పేరుంది. మున్సిపాలిటీ వాళ్ళు నీలం రేకు మీద రాసి గోడకు కొట్టిన పేరు కాదు. దాన్ని చూసుకుని ఎవరూ రారు. కొరియర్ వాళ్ళు, అన్నం తెచ్చే బైకుల వాళ్ళు, గ్యాసు బండ తెచ్చేవాళ్ళు అందరూ చెప్పుకునే పేరు ‘ఖరాబ్ కారు గల్లీ’. ఆ ఖరాబ్ కారు మాది. ఇక్కడికి రెండు సందుల అవతల ఉన్న బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పినదాన్ని నేను. ఎంతమంది పిల్లలచేత పానిపట్టు యుద్ధాలు మూడూ బట్టీ పట్టించానో లెక్కలేదు. రిటైరయ్యాక నాకు మిగిలిన బిరుదు మాత్రం ‘ఖరాబ్ కారు మేడమ్’.

కారు రెండేళ్ళుగా అంగుళం కదల్లేదు గానీ ఖాళీగా మాత్రం లేదు. బానెట్ మీద ఇస్త్రీ ఆయన బట్టల మూటలు పెట్టుకునేవాడు. టాపు మీద మూడో అంతస్తు ఆవిడ వడియాలు ఎండబెట్టుకునేది. కింద పిల్లి ఈనింది. బ్యాటరీ చచ్చిపోయింది, నాలుగు టైర్లూ గాలి పోయి నేలకు అతుక్కున్నాయి, ఎలుకలు లోపలి వైర్లన్నీ కొరికి పెట్టాయి. కింద పిల్లి కాపురం ఉండగా పైన ఎలుకలు అంత ధీమాగా ఎలా బతికాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది చాలదన్నట్టు మా ఆయన ఒకరు. రోజూ సాయంత్రం ఐదింటికి తాళంచెవి తీసుకుని కిందికి దిగేవారు. కుడి తలుపు తెరిచి, సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఉండేవారు. ఏడింటికి పైకి వచ్చేవారు.

“ఎందాకా వెళ్ళొచ్చారు?” అని అడిగేదాన్ని.

“ఖైరతాబాద్ దాంక.”

“ట్రాఫిక్ ఎలా ఉంది?”

“మస్తున్నది. గణపతిని చూడనీకి మంది బగ్గ వచ్చిన్రు.”

ఆయనా నవ్వేవారు కాదు, నేనూ నవ్వేదాన్ని కాదు. తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్ళం.

ఆయనది నల్లగొండ వైపు పల్లె. వాళ్ళింట్లో నాగలి వదిలి ఆఫీసులో ఫైలు పట్టిన మొదటి మనిషి, కారు కొన్న మొదటి మనిషి కూడా ఆయనే. మాది కృష్ణా జిల్లా. రాష్ట్రం ఒకటైనప్పుడు సర్కారు ఉద్యోగంతో పాటు మా నాన్న ఇక్కడికి బదిలీ అయి వచ్చి, ఇక్కడివాడే అయిపోయాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన భాష నాకు పట్టుబడలేదు, నా భాష ఆయనకు పట్టుబడలేదు. పోట్లాడుకోవడానికి మాత్రం ఏనాడూ ఇబ్బంది కలగలేదు.

ఎక్కువ పోట్లాటలు ఆ కారులోనే జరిగాయి. ఆయన నడుపుతారు, నేను ఎడమ సీట్లో కూర్చుని “మెల్లగా, మెల్లగా” అంటాను. “నువ్వట్లా అన్నప్పుడల్లా నా కాలు ఇంకింత తొక్కుతది” అని ఆయన, “అందుకే అంటున్నా” అని నేను. ఇలా ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగామో ఆ మీటరుకే తెలియాలి.

రెండేళ్ళ కిందట ఒకరోజు ఉస్మాన్‌గంజ్‌లో ఎండు మిరపకాయలు, చింతపండు కొనుక్కుని వస్తున్నాం. మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఆయన మాట్లాడుతున్న మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, చేతులు బిగుసుకుపోయాయి, కాలు మాత్రం ఆక్సిలరేటర్ మీదే ఉంది. కారు తిన్నగా చెరకు రసం బండి మీదికి పోతోంది. నాకు డ్రైవింగ్ రాదు. ఇద్దరి మధ్యలో ఉన్న ఆ కడ్డీని లాగితే బండి ఆగుతుందని మాత్రం తెలుసు. రెండు చేతులతో హ్యాండ్ బ్రేక్ పట్టుకుని నా ప్రాణమంతా పెట్టి లాగాను. జానెడు దూరంలో ఆగింది. చెరకు రసం ఆయనకు ఏమీ కాలేదు, మాకూ ఏమీ కాలేదు, చింతపండు మాత్రం కారంతా పడింది.

ఫిట్స్ అన్నాడు డాక్టరు. రోజూ రెండు పూటలా మాత్రలు వేసుకోవాలి, ఇక జీవితంలో కారు నడపకూడదు అన్నాడు. ఎవరో పుణ్యాత్ముడు కారు తెచ్చి గల్లీలో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం ఇచ్చి పోయాడు. అంతే. ఆ తర్వాత మా ఆయన గల్లీ దాటలేదు. మాత్రలకు నేనే వెళ్ళాలి, బ్యాంకుకు నేనే, పెళ్ళిళ్ళకు నేనే.

ఆ రోజు గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. కానీ ఒకటి జరిగింది. ఓ సాయంత్రం నేనూ దిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చుందామని తలుపు లాగితే రాలేదు. “లాక్ ఖరాబైంది” అన్నారు. ఆయన నిద్రపోయాక తాళంచెవి తీసుకెళ్ళి చూశాను. లాక్ బంగారంలా ఉంది. లోపలి నుంచి గొళ్ళెం నొక్కి పెడుతున్నారు. నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. టీలో చక్కెర తక్కువైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషిని నేను. ఈ విషయం మాత్రం అడగలేకపోయాను. ఆ కారు పోయేలోపు ఒక్కసారి ఆ సీట్లో కూర్చోవాలని మనసులో పడింది. నోటితో అడగను, ఆయన పిలవాలి.

అలాంటప్పుడు ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. ఆదిలాబాద్ వైపు ఒక ఐటీఐలో బండ్ల రిపేరు నేర్పే మాస్టారు అతను. “మామా, మా పిల్లలకు ఇప్పి చూసేటందుకు ఒక కారు కావాలె. నడవకపోయినా మంచిదే. నీది ఇస్తవా?” అన్నాడు.

నేను సంతోషంతో తలాడించాను. ఆ కారు పోతేనైనా మనిషి గల్లీ దాటుతాడని నా ఆశ. వార్త తెలిసి మూడో అంతస్తు ఆవిడ దిగి వచ్చి నా చేయి పట్టుకుంది. “మంచి పని చేస్తున్నారమ్మా. పోయాక కూడా నలుగురు పిల్లలకు చదువుకు పనికొస్తుంది. అంత మనసు అందరికీ ఉండదు” అంది. కారు గురించే అందని నిర్ధారించుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆయన రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టారు. “ఇస్త. గని నా చేతులతోని నేనే నడిపి అప్పగిస్త.”

కారు ఇక నడవదని ఒక మెకానిక్ ఎప్పుడో చెప్పాడు, ఆయన నడపకూడదని డాక్టరు చెప్పాడు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. “సరే, ముందు లారీ మాట్లాడతాను, తర్వాత చూద్దాం” అన్నాను. అంటే మీ షరతు గంగలో కలిసిందని అర్థం. అది ఆయనకూ తెలుసు.

కార్లు మోసే కంపెనీ ఒకదానికి ఫోన్ చేశాను. నాగపూర్ వెళ్ళే లారీ దారిలో దింపిపోతుందట. ఫోన్ ఎత్తిన అమ్మాయి గొంతు తేనె పూసినట్టుంది.

“మేడమ్, బండి రన్నింగా, నాన్-రన్నింగా?”

“నడవదమ్మా.”

“నోట్ చేసుకున్నాను మేడమ్. పికప్‌కి ముందు ఒకసారి ఇంజన్ ఆన్ చేసి చెక్ చేసుకోండి.”

“ఆన్ అవదు. ఎలుకలు వైర్లు తినేశాయి.”

“నోట్ చేసుకున్నాను మేడమ్. ట్యాంకులో పెట్రోల్ పావు వంతు కంటే ఎక్కువ ఉండకూడదు. మా లారీ చాలా పొడవు మేడమ్, మీ గల్లీలోకి రాదు. ఆదివారం పొద్దున నాంపల్లిలో, స్టేషన్ పక్కన గోదాముల ఆవరణలో ఉంటుంది. ఎనిమిదింటికల్లా సిటీ దాటాలి, లేకపోతే చలానా పడుతుంది. ఏడున్నరకల్లా మీరు బండి అక్కడికి తీసుకొచ్చేయండి.”

“ఎలా తీసుకురమ్మంటావు?”

“డ్రైవ్ చేసుకుని, మేడమ్.”

“నడవదు కనకే కదమ్మా నీకు ఫోన్ చేసింది!”

“అర్థమైంది మేడమ్. అందుకే నాన్-రన్నింగ్ అని పెట్టాను.”

“పెడితే ఏమవుతుంది?”

“మీరు కొంచెం లేటుగా వస్తారని మా వాళ్ళకి తెలుస్తుంది మేడమ్.”

నా చేతిలో బెత్తం లేదని ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో కూడా నేను ఇంతగా బాధపడలేదు. “కాకపోతే లోకల్‌గా ఇంకో బండి మాట్లాడుకుని మా బండి దాకా తెచ్చుకోండి మేడమ్” అని సలహా కూడా ఇచ్చింది. కారును మోసే లారీ దగ్గరికి కారును మోసుకెళ్ళే ఇంకో లారీ అన్నమాట.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. పడక్కుర్చీలో ఉన్న మా ఆయన నిటారుగా లేచి కూర్చున్నారు. “ఏమన్నదామె? నాంపల్లి దాంక మనమే తీసుకపోవాల్నా?”

“అంటోంది.”

“అయితే నేనే నడుపుత.”

“ఏమిటండీ నడిపేది? ఇంజన్ ఉంటే కదా?”

“స్టీరింగున్నది కద. నలుగురు తోస్తరు, నేను తిప్పుత. డాక్టర్ సాబు నడిచే బండి నడపద్దన్నడు. నడవని బండి నడపద్దనలేదు.”

వాదనలో ఆయనకు ఎదురు చెప్పలేకపోవడం నాకు పెళ్ళయ్యాక అదే మొదటిసారి. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనే వద్దంటాడు, తప్పు నామీద ఉండదు అనుకున్నాను. ఆ మహానుభావుడు అంతా విని చాలాసేపు నవ్వాడు. “ఎంత వేగంతో పోతుందమ్మా?” అన్నాడు. “మనిషి నడిచినంత” అన్నాను. “మాత్ర వేసుకుని వెళ్ళమనండి. బ్రేక్ అందేట్టు మీరు పక్కనే ఉండండి” అన్నాడు.

“డాక్టరు నన్ను పక్కనే ఉండమన్నాడు” అని చెప్పాను.

“ఉండు. పక్కపొంటి నడువు.”

“సీట్లో కూర్చుంటే?”

“లాక్ ఖరాబైంది కదనే” అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

శనివారం ఇస్త్రీ ఆయన తనకు తెలిసిన మెకానిక్‌ను తెచ్చాడు. అతను టైర్లకు గాలి కొట్టి, తొయ్యమంటే కారు తొణకలేదు. రెండేళ్ళ కిందట లాగిన హ్యాండ్ బ్రేక్ అలాగే తుప్పు పట్టి బిగిసిపోయిందట. కారు కింద దూరి అరగంట సుత్తితో కొట్టాడు. పిల్లి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. చివరికి కడ్డీ కిందికి జారింది. అతను బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, “అమ్మా, ఇగ దీన్ని లేపకుండ్రి. మళ్ల ఒక్కసారి పట్టుకున్నదంటే ఇడువది. రోడ్డు నడుమ పట్టుకున్నదనుకో, ఇగ గాడనే మీ కొత్త అడ్రసు” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలి బ్రేక్ ఆయన పాదం కింద ఉంటుంది. ఆయనకే ఏమైనా అయితే నాకున్నది ఆ కడ్డీ ఒక్కటే. దాన్ని లాగితే కారు స్టేషన్ రోడ్డు మధ్యలో శిలావిగ్రహమైపోతుంది, ఏడున్నర దాటితే లారీ వెళ్ళిపోతుంది.

ఆదివారం ఆరింటికి ఆయన స్నానం చేసి, మాత్ర వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టక్ చేసుకుని దిగారు. రిటైరయ్యాక టక్ చేసుకోవడం అదే మొదలు. ఇస్త్రీ ఆయన మరో ఐదుగురిని పోగుచేసి, చేతిలో నాలుగు నిమ్మకాయలతో సిద్ధంగా ఉన్నాడు. బండి ఊరు దాటుతున్నప్పుడు చక్రం కింద నిమ్మకాయ నలగాలి కదా. నాలుగు చక్రాల కిందా పెట్టాడు. ఇంజన్ ఉన్న బండికి అవి కనపడవు. తోసే బండికి నాలుగు కొండలు. ఆరుగురు మనుషులు “ఐసా! ఔర్ జర!” అని అరుస్తూ చమటలు కక్కితే గానీ నిమ్మకాయలు నలగలేదు. మూడో అంతస్తు ఆవిడ పైనుంచి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. కారు కదిలింది. అది నిలబడిన చోట నేల మీద నల్లటి చతురస్రం, రెండు వడియాలు మిగిలాయి.

ఎడమ పక్క అద్దం దింపించి, నేను లోపలికి చేయి పెట్టి హ్యాండ్ బ్రేక్ మీద వేళ్ళు ఆనించి నడుస్తున్నాను. నడుము విరిగిపోతోంది. అయినా తియ్యలేదు.

హైదరాబాద్‌లో ఒక సంగతి ఉంది. కారు తోస్తున్న మనుషుల్ని చూసి చేయి వెయ్యకుండా పోయేవాడు ఉండడు. అంతవరకు బాగానే ఉంటుంది. కానీ కారు తోసేది స్టార్ట్ చెయ్యడానికేనని ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడి నమ్మకం. పోస్టాఫీసు మలుపు తిరిగేసరికి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళు కట్టలు దింపుకుంటున్నారు. ముగ్గురు కట్టలు వదిలేసి వచ్చారు. పాలు తీసుకెళ్తున్న ఒకాయన ప్యాకెట్లు నా చేతిలో పెట్టి మరీ వచ్చాడు.

“చాచా, సెకండ్ గేర్ ఏసి క్లచ్ ఇడువు!”

“స్టార్ట్ చేసేటందుకు కాదు భాయ్” అన్నాడు ఇస్త్రీ ఆయన.

“మరి దేనికి?”

“లారీ ఎక్కియ్యనీకి.”

“లారీ దేనికి? జర జోర్ పెడితే స్టార్ట్ అయితది. తొయ్యి నువ్వు!”

ఎంతమంది చేరారో తెలియదు, కారు పరుగందుకుంది. నేను ఒక చేత్తో పాల ప్యాకెట్లు, ఒక చేయి కిటికీలో పెట్టుకుని చీర కుచ్చిళ్ళతో పరుగెడుతూ “ఆపండి! ఇంజన్ లేదు! ఎలుకలు తినేశాయి!” అని అరుస్తున్నాను. “ఇప్పుడు ఇడువు క్లచ్!” అని వెనక నుంచి పదిమంది ఒక్కసారి కేక వేశారు. మా ఆయన నా అరుపు విని బ్రేక్ తొక్కారు. వెనక తోస్తున్నవాళ్ళంతా కారు మీద పడ్డారు.

“గట్లెట్ల బ్రేక్ కొడ్తివి చాచా? స్టార్ట్ అయితుండె!” అని ఒకతను నిజంగా బాధపడ్డాడు. పాల ఆయన తన ప్యాకెట్లు తీసుకుంటూ, “ఆయనకు నడిపేది రాదమ్మా, ఇంకెవర్నన్న కూసోబెట్టుండ్రి” అని నాకు చెవిలో చెప్పి పోయాడు. చెవిలోనే చెప్పాడు గానీ ఆబిడ్స్ అంతా వినబడింది.

“ముప్పై ఏండ్ల నుంచి నడుపుతున్న” అన్నారు మా ఆయన, ఎవరితోనూ కాకుండా. ముఖం కందగడ్డలా అయింది. కానీ నేను చూశాను, కళ్ళు మెరుస్తున్నాయి. గల్లీ దాటి రెండేళ్ళయిన మనిషి, నడిరోడ్డు మీద కూర్చుని ఉన్నాడు.

స్టేషన్ రోడ్డులోకి తిరగడానికి కుడిచేయి బయటికి చాపి సైగ చేశారు. ఇప్పుడు ఎవరూ చెయ్యని సైగ అది. వెనక వస్తున్న సిటీ బస్సు దాన్ని గుర్తుపట్టి ఆగింది. అక్కడే ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. చేయి అడ్డం పెట్టాడు.

“పెద్దాయనా, లైసెన్స్?”

లైసెన్స్ గడువు తీరి ఏడాదైంది. రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి, అది ఎవరూ ఇవ్వరు. నేను ముందుకు వచ్చాను. “ఇది నడవని కారండీ. తోస్తున్నారు. దీనికి లైసెన్స్ ఎందుకు?”

“తిప్పుతున్నది ఆయననే కద మేడమ్?”

“తిప్పితే? నడిపేది వెనక ఆరుగురు. వాళ్ళని అడగండి.”

అతను నిజంగానే వెనక్కి వెళ్ళి ఇస్త్రీ ఆయనను లైసెన్స్ ఉందా అని అడిగాడు. ఇస్త్రీ పెట్టె మొయ్యడానికి లైసెన్స్ ఎవరూ ఇవ్వలేదని ఇస్త్రీ ఆయన చెప్పాడు. కానిస్టేబుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఈ నేరానికి తన చలానా మిషన్‌లో పేరు లేదన్నమాట. కాసేపటికి కిటికీ దగ్గరికి వచ్చి, “సరే పోండ్రి. గని సీట్ బెల్ట్ పెట్టుకోండ్రి పెద్దాయనా. ముందట కెమెరా ఉన్నది, అది నడిచే బండా నడవని బండా చూడది” అన్నాడు. మా ఆయన బెల్ట్ పెట్టుకున్నారు.

రోడ్డు కొంచెం ఎత్తెక్కుతోంది. తోసేవాళ్ళకు ఆయాసం మొదలైంది. నా చేయి తిమ్మిరెక్కింది. ఆయన ముందుకే చూస్తూ, “చెయ్యి తియ్యి” అన్నారు.

“తియ్యను.”

“ఏం కాది. గోలీ ఏసుకున్న.”

“కాకపోతే మంచిదే. తియ్యను.”

“తోలు లేస్తది కిటికీకి రాసుకొని.”

“లేవనివ్వండి. నాకు మీ పక్కన చేయి పెట్టుకోవడానికి ఈ కిటికీయే మిగిలింది” అన్నాను. అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని మాత్రం ఆపుకున్నాను.

ఆయన కుడిచేయి బయట పెట్టి పైకీ కిందికీ ఆడించారు. ఆగుతున్నామని సైగ. కారు ఆగింది. ఆయన బెల్ట్ విప్పుకుని, ఇటు వంగి, లోపలి గొళ్ళెం పైకి లాగి, తలుపు నెట్టారు.

“ఎక్కు. నడుసుకుంట పట్టుకునుడెందుకు, కూసోని పట్టుకో.”

ఎక్కాను. సీట్ల సందులో రెండు ఎండిపోయిన చింతగింజలు ఇంకా ఉన్నాయి. బెల్ట్ పెట్టుకున్నాను, కెమెరా కోసం. హ్యాండ్ బ్రేక్ మీద చేయి వేశాను. కారు మళ్ళీ కదిలింది, ఇంతకుముందు కంటే నిదానంగా.

కొంచెం దూరం పోయాక, “మెల్లగా మెల్లగా అంటలేవేంది?” అన్నారు.

“ఇంతకంటే మెల్లగా పోతే వెనక్కి పోతాం. ఏడుంబావు అయింది. కొంచెం తొందరగా పోనివ్వండి.”

ఆయన నావైపు తిరిగి చూశారు. ముప్పై నాలుగేళ్ళలో నా నోట ఆ మాట వినలేదు. తల బయటికి పెట్టి, “తమ్మీ, అమ్మగారు జర తేజ్ పొమ్మంటున్నరు!” అని కేక వేశారు.

“అమ్మగారిని దిగుమనుండ్రి సారు, గదే తేజ్ పోతది!” అని వెనక నుంచి ఇస్త్రీ ఆయన జవాబు వచ్చింది.

నేను దిగలేదు. ఎవరేమనుకున్నా నాంపల్లి దాకా దిగే ప్రశ్నే లేదు.

గోదాముల ఆవరణలో లారీ ఉంది. రెండు అంతస్తుల మీద కొత్త కార్లు మెరుస్తున్నాయి. కింద చివర మా కారుకు చోటు ఉంచారు. లారీ డ్రైవర్ ఫారం పట్టుకుని వచ్చాడు.

“ఒకసారి స్టార్ట్ చేసి చూపెట్టుండ్రి.”

“నడవదు బాబూ” అన్నాను.

“నడవదని రాయాలన్నా స్టార్ట్ చేసి చూడాలె కదమ్మా.”

మా ఆయన తాళం తిప్పారు. ఏ చప్పుడూ లేదు. అతను తృప్తిగా రాసుకుని, “డిక్కీ ఖాళీనే కద?” అన్నాడు. “ఖాళీయే” అన్నాను నేను. డిక్కీ తెరిచాడు. మడతలు పెట్టిన చొక్కాలు పదిహేను, పట్టుచీరలు మూడు, బొగ్గుల సంచి ఒకటి. గల్లీ మొత్తం బట్టలు. వాన కురిస్తే తడుస్తాయని మా ఆయన డిక్కీ రెండో తాళం ఇస్త్రీ ఆయనకు ఎప్పుడో ఇచ్చేశారట. నాకు చెప్పలేదు. ఆ రోజు పెళ్ళికి కట్టుకోవలసిన మూడో అంతస్తు ఆవిడ చీర ఇంకాస్త ఉంటే ఆదిలాబాద్‌లో పిల్లలు విప్పి చూసేవాళ్ళు. తోసుకొచ్చిన ఆరుగురూ బట్టలు భుజాల మీద వేసుకుని వరుసగా నిలబడ్డారు.

లారీ వెనక ఏటవాలుగా రెండు ఇనుప పలకలు దింపి, కారు ముందు కొక్కెం తగిలించారు. లోపల మిషన్ తాడును చుట్టుకుంటూ కారును పైకి గుంజుతుందట. “స్టీరింగ్ తిన్నగ పట్టుకునేటందుకు ఒకరు లోపల ఉండాలె” అన్నాడు డ్రైవర్. మా ఆయన అప్పటికే లోపల ఉన్నారు. నేనూ ఉన్నాను.

“ఇద్దరెందుకు? ఒక్కరు చాలు.”

మా ఆయన అతన్ని పైనుంచి కిందికి చూశారు. “ఒకరు నడిపేటందుకు, ఒకరు ఆపేటందుకు” అన్నారు.

అతను నన్ను చూశాడు, గడియారం చూసుకున్నాడు, మిషన్ ఆన్ చేశాడు.

తాడు బిగుసుకుంది. కారు ముక్కు పైకి లేచింది. మాకు ఆకాశం, రైల్వే తీగలు, గోదాము రేకులు కనబడ్డాయి. మా ఆయన స్టీరింగ్‌ను చిన్నపిల్ల చేయి పట్టుకున్నట్టు పట్టుకుని, వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా తీసుకెళ్ళి కొత్త కారు వెనక నిలిపారు. కింద నుంచి ఇస్త్రీ ఆయన ఈల వేశాడు. పాల ఆయన ఇక్కడ ఉంటే బాగుండేదనిపించింది.

“హ్యాండ్ బ్రేక్ ఎయ్యుండ్రి” అన్నాడు లారీ డ్రైవర్. “రూలు.”

మా ఆయన చేయి కడ్డీ వైపు వచ్చి ఆగింది. మెకానిక్ మాట ఇద్దరికీ గుర్తుంది. ఈసారి పట్టుకుంటే వదలదు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు.

“నువ్వే గుంజు” అన్నారు. “గట్టిగ గుంజాలె. ఆ దినం గుంజినట్లు.”

రెండేళ్ళలో ఆ రోజు గురించి ఆయన మాట్లాడిన మొదటి మాట అది. నేను రెండు చేతులతో పట్టుకుని లాగాను.